ఏడాదికి ఎన్ని లీటర్లు?

గత కొన్ని సంవత్సరములుగా దసరా పండుగ నాడు మన పెద్దపల్లి వీథులలో నొక క్రొత్త దృశ్యము కానవచ్చుచున్నది. జమ్మియాకు చేతబట్టుకొని పెద్దలకు మ్రొక్కుటకు బయలుదేరువారితో నిండియుండెడి త్రోవలలో నేడు బంతిపూల దండలు వేసికొని, చక్రముల క్రింద నిమ్మకాయలుంచుకొని, క్రొత్త మోటారు బండ్లు గుడి ముంగిట బారులు తీరి నిలుచుచున్నవి. ఇందు నిందింపదగినదేమియు లేదు. ఒకనాడు మోటారు బండి దొరలకును, పెద్ద యధికారులకును మాత్రమే చెల్లిన భోగము. నేడు బడిపంతులును, బియ్యపు మిల్లు గుమాస్తాయును, బొగ్గుగని కార్మికుడును దానిని స్వార్జితముతో కొనగలుగుచున్నాడన్న నది సంతోషింపదగిన విషయమే.

అయితే కొనబోవువారు మమ్ముల నడుగు ప్రశ్న యొక్కటి కలదు. కచేరి వరండాలోను, గ్రంథాలయమున పత్రికలు చదువుచోటను, పెండ్లి పందిళ్ళలోను ఇదియే ప్రశ్న. "వకీలు సాబ్, ఏ బండి ఎక్కువ మైలేజీ ఇస్తది?" వ్యాజ్యములో గెలుపోటములు సమాధానమునకంటె ముందు ప్రశ్నను కూర్చిన తీరుమీద నాధారపడునని మా వృత్తి మాకు నేర్పినది. ఈ ప్రశ్న సరిగా కూర్చబడలేదని మా యభిప్రాయము. లీటరునకు ఎన్ని కిలోమీటర్లని యడుగువాడు బండిని గూర్చి యడుగుచున్నాడు. మా యింటికి ఏడాదికి ఎన్ని లీటర్లు పట్టునని యడుగువాడు తన్ను గూర్చి యడుగుకొనుచున్నాడు. ఈ రెండవ ప్రశ్నయే సరియైనదని నేటి వ్యాసమున నిరూపింపదలచితిమి.

సంతలో ఎద్దును కొనబోవు రైతును చూడుడు. అతడు పండ్లు చూచును, డెక్కలు చూచును, పది యడుగులు నడిపించి చూచును. కాని యా సంతకు బయలుదేరుటకు ముందే తన చెలక యెంత, తన వామిలో గడ్డి యెంత యని యింటియొద్దనే లెక్క కట్టుకొని వచ్చును. ఎకరము భూమి గలవాడు పేరుగన్న కోడెల జతను తెచ్చి కొట్టమున కట్టివేసినచో ఊరు నవ్వును. చదువు లేని రైతు ఎద్దు విషయమున చూపు నీ వివేకమును, చదువుకొన్న మనము ఎద్దుకంటె పదిరెట్లు వెలగల బండి విషయమున చూపుచున్నామా? దుకాణమునకు పోయి పైకప్పునకు అద్దమున్నదా, తెర యెంత వెడల్పున్నదని యడుగుదుము. చివరకు మైలేజీ యెంతయని యడిగి, అమ్మువాడు చెప్పిన యంకెను విని తృప్తిపడి సంతకము చేయుదుము.

ఆ యంకె యెట్లు పుట్టినదో తెలిసికొనుట మంచిది. గోడలమీద పెద్ద యక్షరములతో లీటరునకు 24 కిలోమీటర్లనియు, 26 కిలోమీటర్లనియు వ్రాసియుందురు. అది యబద్ధము గాదు. పుణె నగరమున 1966లో స్థాపింపబడిన ఏఆర్ఏఐ వంటి పరీక్షాసంస్థలలో బండిని రోలర్లపై నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగములలో సుమారు ఇరువది నిమిషములు నడిపి, పొగలో వెలువడిన కర్బనమును కొలిచి, దానినుండి ఖర్చయిన యింధనమును గణింతురు. ఈ పద్ధతిలో గరిష్ఠ వేగము గంటకు 90 కిలోమీటర్లు. గది యుష్ణోగ్రత 20 మొదలు 30 డిగ్రీల వరకు. లోపలి ఏసీని నిలిపివేయుదురు. గోడమీద కనబడు నంకెలు ఈ పద్ధతి ననుసరించి పుట్టినవే.

మన ప్రాంతపు స్థితి యేమి? రామగుండము వేసవిలో 45 డిగ్రీలు దాటుట వింత గాదు. వైశాఖమున ఏసీ లేక బండిలో కూర్చుండుట పొయ్యిలో కూర్చుండుటయే. బొగ్గు లారీల వెనుకను, గ్రానైటు బండల లారీల వెనుకను గేరు మార్చుచు, ఊరూర వేగనిరోధకపు గట్ల నెక్కి దిగుచు, రైలు గేటు ముందు ఇంజను నాపక నిలుచుచు సాగునదే మన ప్రయాణము. నిలిచియున్న బండి కూడ గంటకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు త్రాగును. కావున ప్రకటించిన యంకెలో నాలుగవ వంతు తగ్గినను ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ యంకె రెండు బండ్లను పోల్చి చూచుటకు పనికివచ్చు సాక్ష్యము. మన రహదారి మీద అంతయే వచ్చునన్న హామీపత్రముగా దానిని చదువరాదు.

ఇక లెక్కకు వత్తము. ఒక గృహస్థుడు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుననుకొందము. లీటరునకు 12 కిలోమీటర్లిచ్చు బండికి 1,000 లీటర్లు పట్టును. 16 ఇచ్చు బండికి 750 లీటర్లు. 20 ఇచ్చు బండికి 600. 24 ఇచ్చు బండికి 500. పాఠకులు ఈ యంకెలను మరల నొకసారి చూడగోరుచున్నాము. ప్రతి మెట్టునను పెరిగినది నాలుగే కిలోమీటర్లు. కాని 12 నుండి 16నకు పోయినప్పుడు మిగిలినది 250 లీటర్లు, 16 నుండి 20నకు పోయినప్పుడు 150, 20 నుండి 24నకు పోయినప్పుడు 100 మాత్రమే. మెట్టు ఎక్కినకొలది లాభము తరుగుచున్నది. లీటరునకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కలో ఈ తరుగుదల కనబడదు. ఏడాదికి ఎన్ని లీటర్లన్న లెక్కలో అరచేతి గీతవలె స్పష్టముగా కనబడును.

దీనినుండి తేలు నీతి యేమనగా, మిక్కిలి త్రాగు బండిని మానుకొనుటలో పెద్ద లాభమున్నది. ఇదివఱకే మితముగా త్రాగు బండిని విడిచి, ఇంకను మితముగా త్రాగుదానికై లక్షలు పోయుటలో లాభము స్వల్పము. లెక్క సులభముగా నుండుటకు పెట్రోలు లీటరు 110 రూపాయలనుకొందము. 20 ఇచ్చు బండికంటె 24 ఇచ్చు బండి లక్షన్నర రూపాయలు ప్రియమైనదనుకొందము. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగువానికి మిగులునది 11,000 రూపాయలు. లక్షన్నర తిరిగి వచ్చుటకు పదమూడేండ్లు దాటును. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరుగువానికి మిగులునది నాలుగు వేలకు లోపు. అతని లక్షన్నర తిరిగి వచ్చుటకు నలుబది యేండ్లు కావలెను. బండికి ప్రభుత్వము మొదట ఇచ్చు రిజిస్ట్రేషను గడువే పదునైదేండ్లు. అదే బండిని అద్దెకు త్రిప్పుచు ఏడాదికి 40,000 కిలోమీటర్లు నడుపు డ్రైవరునకు మిగులునది 36,000 రూపాయలకు పైమాట. నాలుగేండ్లలో అతని సొమ్ము అతనికి చేరును. బండి యొక్కటే, యంకె యొక్కటే. ఒకనికి పొదుపైనది మరియొకనికి దుబారా.

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పిదమును మేమే చెప్పుకొందుము. పెద్దపల్లి 2016 అక్టోబరులో జిల్లాయైనది గాని, జిల్లా న్యాయస్థానము మాత్రము కరీంనగరముననే యుండెను. పోను నలుబది, రాను నలుబది కిలోమీటర్ల ప్రయాణము. ఏడాదికి రెండు వందల దినములనుకొన్నను 16,000 కిలోమీటర్లు. ఇంత దూరము తిరుగువారికి డీజిలు బండియే మేలని తలచి, 2021లో పెట్రోలు రకముకంటె లక్షన్నర యెక్కువ పోసి, ఎత్తైన పెద్ద డీజిలు బండి నొకదానిని కిస్తుల మీద కొంటిమి. ఏడాది తిరిగెనో లేదో, 2022 జూన్ 2వ తేదీన తెలంగాణములో క్రొత్త న్యాయజిల్లా లేర్పడి, పెద్దపల్లికే జిల్లా న్యాయస్థానము వచ్చెను. మేమును స్వాగతము చెప్పిన వారిలోనే యుంటిమి. మా బండి మాత్రము నాటినుండి వేపచెట్టు క్రింద ఎండుటాకులు కప్పుకొని నిలిచియున్నది. కిస్తులు మాత్రము నిలువలేదు.

అంతటితో తీరలేదు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. దూరప్రయాణమున ఇంజను బాగుగా వేడెక్కినప్పుడే యా మసి కాలిపోవును. ఇంటినుండి కచేరికి, కచేరినుండి ఇంటికి రెండేసి కిలోమీటర్లు నడుపుచుండగా జల్లెడ పూడుకొనిపోయి హెచ్చరిక దీపము వెలిగెను. మరమ్మతు చేయు యువకుడు చేతులు తుడుచుకొనుచు నొక మాట యనెను. "సారూ, ఈ బండి మీ కచేరి దూరానికి కాదు, పట్నం దూరానికి చేసిండ్రు." ఆ యొక్క వాక్యములో నేటి మా సంపాదకీయమంతయు నిమిడియున్నది. బండి చెడ్డది గాదు. మా దూరమును మేము లెక్కించుకొనలేదు. నేటి దూరమును లెక్కించినను రేపటి దూరమును యోచింపలేదు.

ఇందు మరియొక సత్యమును గూడ గమనింపవలెను. కరీంనగర ప్రయాణములు రెండు వందలనుండి నలుబదికి తగ్గుటచే, లీటరునకు 16 కిలోమీటర్ల చొప్పున, మా యొక్కరికే ఏడాదికి 800 లీటర్ల యింధనము మిగిలినది. ఏ యింజనీరును, ఏ యంత్రమును చేయజాలని యీ పొదుపును ఒక న్యాయస్థానము మన యూరికి వచ్చి చేసినది. ఆసుపత్రియు, కళాశాలయు, కచేరియు ప్రజల కెంత చేరువగా నుండునో దేశమునకు అంత చమురు మిగులును. ఇది పాలకులు గుర్తింపవలసిన లెక్క.

ఇంధనపు రకములను గూర్చి రెండు మాటలు. డీజిలు ధరను ప్రభుత్వము బిగబట్టి యుంచిన దినములలో దానికిని పెట్రోలునకును గల భేదమును చూచి పెక్కురు డీజిలు బండ్లు కొనిరి. 2014 అక్టోబరులో ఆ నియంత్రణ తొలగినది. 2017 జూన్ నుండి ధరలు దినదినమును మారు పద్ధతి వచ్చినది. నేటి ధరల భేదమును నమ్మి పదేండ్ల వ్యయము చేయుట యిసుకమీద గోడ కట్టుటయే. సీఎన్‌జీ బండి కిలో వాయువునకు ఎక్కువ దూరమిచ్చు మాట నిజము. కాని సామాను పెట్టుచోటును సిలిండరు ఆక్రమించును, మూడేండ్లకొకసారి దానిని పరీక్ష చేయింపవలెను, వాయువు దొరకు బంకు మన నిత్యమార్గమున నుండవలెను. వాయువు కొరకే ఇరువది కిలోమీటర్లు పోవలసివచ్చినచో లాభమంతయు త్రోవలోనే పోవును. హైబ్రిడ్ బండ్లు, అనగా పెట్రోలు యంత్రమునకు విద్యుత్ మోటారును జోడించినవి, నిజముగా గొప్పవే. 2022లో వెలువడిన గ్రాండ్ విటారా, హైరైడర్ బండ్ల యిట్టి రకములకు లీటరునకు దాదాపు 28 కిలోమీటర్లని ప్రకటించిరి. కాని వాని బలము పట్నపు రద్దీలో నిలిచి నిలిచి సాగునప్పుడు ఎక్కువగా కనబడును. రాజీవ్ రహదారిమీద ఏకధాటిగా పోవునప్పుడు అంతగా కనబడదు.

విద్యుత్ బండిని గూర్చి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా యోచింపవలెను. ఏలయన ఆ విద్యుత్తు పుట్టినిల్లు మన రామగుండమే. అచ్చటి ఎన్‌టీపీసీ కేంద్రపు ఏడు యూనిట్ల శక్తి 2,600 మెగావాట్లు. 2022లో అచ్చటి జలాశయము మీదనే 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్ కేంద్రము పూర్తియైనది. చిన్న విద్యుత్ బండి యొక యూనిటునకు సుమారు 7 కిలోమీటర్లు నడచును. యూనిటు పది రూపాయలనుకొన్నను, 12,000 కిలోమీటర్లకు 17,000 రూపాయలు చాలును. లీటరునకు 20 ఇచ్చు పెట్రోలు బండికి 66,000 కావలెను. అనగా ఏడాదికి 49,000 మిగులును. బండి వెల మూడు లక్షలెక్కువైనను ఆరేండ్లలో తీరును. కాని 4,000 కిలోమీటర్లే తిరుగువానికి పందొమ్మిదేండ్లు పట్టును. ఇచ్చటను మన దూరమే న్యాయాధిపతి. ఇంటిలో ఛార్జి చేసికొను వసతి లేక బయటి కేంద్రములపై నాధారపడువానికి యూనిటు వెల పెరిగి యీ లెక్క మారిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ప్రకటించిన విధానము ప్రకారము విద్యుత్ బండ్లకు 2026 డిసెంబరు చివరి వరకు రోడ్డు పన్ను మినహాయింపు గలదు. అది కొంత తోడ్పాటే. ఇక పొగ సంగతి. బొగ్గును కాల్చి తీసిన విద్యుత్తు పొగ లేనిదని మేమనము. గోదావరిఖని వారికి ఆ మాట చెప్పిన నవ్వుదురు. కాని దేశపు విద్యుత్తులో జల, సౌర, పవన శక్తులును కలిసియుండుటచే సగటున యూనిటునకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. అనగా కిలోమీటరునకు 100 గ్రాములు. లీటరు పెట్రోలు కాలిన 2.3 కిలోలు వెలువడును గనుక, 20 ఇచ్చు బండికి కిలోమీటరునకు 115 గ్రాములు. నేడు భేదము స్వల్పమే. సౌరశక్తి పెరిగినకొలది అది పెరుగును.

పెట్రోలు బండి కొనువారు ఇథనాలు మాటను మరువరాదు. 2025 నాటికి దేశమంతటను నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలే సామాన్యమైనది. ఇథనాలులో పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే యుండును. పాత బండ్లలో నూటికి 6, 7 పాళ్ళు మైలేజీ తగ్గవచ్చుననియు, ఈ యింధనమునకై సరిచేసిన బండ్లలో 1, 2 పాళ్ళే తగ్గుననియు నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక యంచనా వేసినది. కావున వాడిన బండిని కొనువారు అది ఏ యింధనమునకు చేయబడినదో దాని పుస్తకములో చూచుకొని కొనవలెను. సుల్తానాబాదు మిల్లుల బియ్యపు దుమ్ములో పెరిగిన మనకు మరియొక యోచన రాకతప్పదు. ఇథనాలు చెరకునుండియే గాక, మక్కలనుండియు, బియ్యమునుండియు తీయుచున్నారు. మన బండి త్రాగునది ఒక రైతు పండించిన గింజ, ఒక కాలువ పారించిన నీరు. అరబ్బు దేశపు చమురైనను, అన్నపు గింజయైనను వృథా చేయుటకు మనకు హక్కు లేదు.

బండి బరువును గూర్చి చెప్పక విడువరాదు. ప్రతి గేటు వద్దను నిలిచి మరల కదలునప్పుడు ఇంజను మోయునది మనలను గాదు, ప్రధానముగా ఆ యినుమును. ఇక గాలి నెదిరించు శ్రమ వేగపు వర్గముతో పెరుగును. అనగా 50 కిలోమీటర్ల వేగమున గాలి యడ్డు ఎంతయో 100 కిలోమీటర్ల వేగమున దానికి నాలుగు రెట్లు. ఎత్తైన, వెడల్పైన బండికి ఇది మరింత భారము. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకు మించని చిన్న బండ్లకు, అనగా 1,200 సీసీ లోపు పెట్రోలు, 1,500 సీసీ లోపు డీజిలు బండ్లకు, జీఎస్టీ 18 పాళ్ళకు తగ్గి, పెద్దవానికి 40 పాళ్ళుగా నిర్ణయమైనది. పెద్దబండి రక్షణ నిచ్చునని కొందఱు వాదింతురు. ఆ వాదమును త్రోసిపుచ్చము. బిడ్డల ప్రాణములకంటె పెట్రోలు ప్రియమైనది గాదు. కాని రక్షణ కేవలము పరిమాణమున లేదు. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష మన దేశముననే జరుగుచున్నది. చిన్న బండ్లలోను మంచి నక్షత్రములు పొందినవి గలవు. ఎత్తును చూచి గాక నక్షత్రములను చూచి రక్షణను ఎంచుకొనుడు. టైర్లలో గాలి సరిగా నుంచి, వేగము తగ్గించి నడిపినచో ప్రాణమును, ఇంధనమును రెండును దక్కును.

2011లో సకల జనుల సమ్మె జరిగిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. బస్సులు డిపోలలో నిలిచిపోయినవి. సింగరేణి బొగ్గు బయటికి రాలేదు. నాడు కార్యకర్తలమైన మేము ఎచ్చటికి పోవలెనన్నను ఒకే బండిలో ఐదుగురము ఇరుకుకొని పోయితిమి. లీటరునకు 15 కిలోమీటర్లిచ్చిన యా పాతబండి, ఐదుగురిని మోయుచు ఒక్కొక్కరి లెక్కన 75 కిలోమీటర్ల పని చేసినది. నేడు లీటరునకు 25 ఇచ్చు క్రొత్తబండిలో ఒక్కడే కూర్చుండి పోవువాడు దానిలో మూడవ వంతు పొదుపే చేయుచున్నాడు. డీజిలు బస్సు లీటరునకు సుమారు 5 కిలోమీటర్లే పోవును. కాని ఏబదిమంది నెక్కించుకొన్నచో 250 కిలోమీటర్ల పని యగును. నిజాము రాష్ట్రపు రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో ఆరంభించిన సేవకు నేటి మన ఆర్టీసీ వారసురాలు. పెద్దపల్లినుండి కరీంనగరము మీదుగా నిజామాబాదునకు రైలుమార్గము 2017లో పూర్తియైనది. బండి కొన్నవాడు బస్సెక్కరాదని ఏ చట్టములోను లేదు. ఒకే కచేరికి, ఒకే బడికి, ఒకే గనికి పోవు నలుగురు వంతులవారీగా ఒక్క బండిలో పోయినచో, ఏ క్రొత్త యంత్రమును కొనకయే ఇంధనము నాలుగవ వంతునకు తగ్గును.

చివరకు, చెప్పుటకు కష్టమైన విషయమొకటి చెప్పవలసియున్నది. పెద్ద బండ్లను మనము ఎల్లవేళల దూరము కొరకు కొనుటలేదు. బంధువులకు చూపుటకు కొనుచున్నాము. అంతకంటె హీనముగా, కొన్ని యిండ్లలో ఆడపిల్లల తండ్రులచే కొనిపించుచున్నాము. కట్నము తీసికొనుట 1961 చట్టము ప్రకారము నేరము. అయినను కుటుంబ వ్యాజ్యములలో మా చేతికి వచ్చు జాబితాలలో బంగారము తరువాతి వరుసలో మోటారు బండి కానవచ్చుచునే యున్నది. భూమి యమ్మి తండ్రి కొనిచ్చిన బండిలో పెట్రోలు పోయుటకు అల్లునికి జీతము చాలక, అది గుడ్డ కప్పుకొని వాకిట నిలిచియుండుట మేము చూచినాము. అట్టి బండి లీటరునకు ఎన్ని కిలోమీటర్లిచ్చిన నేమి? అది త్రాగినది చమురు గాదు, ఒక యింటి రెండెకరముల పొలము.

దేశపు లెక్కయు ఇంటి లెక్కవంటిదే. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. 1973 చివరలో అరబ్బు దేశములు చమురును బిగబట్టినప్పుడు కొద్ది నెలలలోనే ముడిచమురు వెల దాదాపు నాలుగు రెట్లైనది. అంతకు పూర్వము రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు దొరకక, దక్షిణదేశమున పెక్కు బస్సులు వెనుక కుంపటి కట్టుకొని కట్టెబొగ్గు వాయువుతో నడచినవి. పరుల బావి నీటితో పంట పెట్టువాడు చేద దింపునప్పుడెల్ల తాడు తన చేతిలో లేదని తలచుకొనవలెను. బండ్లు చేయువారికి ప్రభుత్వము నియమము పెట్టినది. 2022-23 నుండి వారి బండ్లు సగటున కిలోమీటరునకు సుమారు 113 గ్రాముల బొగ్గుపులుసు వాయువునకు మించరాదు. కొనువానికి అట్టి నియమము లేదు. అతని నియమము అతని వివేకమే.

కావున బండి కొనదలచిన పాఠకులకు మా మనవి యిది. దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితము తీసికొని కూర్చుండుడు. గడచిన మూడు నెలలలో ఎచ్చటెచ్చటికి, ఎన్నిమార్లు, ఎందఱు పోయితిరో వ్రాసి, నాలుగింట గుణించి ఏడాది దూరమును తేల్చుడు. బిడ్డ చదువు ముగియుటయో, ఉద్యోగము మారుటయో, కచేరి దగ్గరకు వచ్చుటయో సంభవించిన నా దూరమేమగునో ప్రక్కన వ్రాయుడు. చూచిన ప్రతి బండికిని ప్రకటించిన యంకెలో నాలుగవ వంతు తీసివేసి, ఏడాదికి ఎన్ని లీటర్లో కట్టుడు. కిస్తును, బీమాను దానికి చేర్చుడు. ఆ మొత్తమును ఇంటి యిల్లాలికి చూపుడు. ఆమె సరే యన్న బండియే పొదుపైన బండి. ఏ బండియు వలదని లెక్క తేలినచో సిగ్గుపడ నక్కరలేదు. బస్సు స్టాండు ఉన్నచోటనే యున్నది.

మా వేపచెట్టు క్రింది బండిని అమ్మివేయ నిశ్చయించితిమి. కొనవచ్చువానిని మొదట మేమే యడుగుదుము, "తమ్ముడా, ఏడాదికి నీ దూరమెంత?" అని. పది పదునైదు వేల కిలోమీటర్లని చెప్పినచో సంతోషముగా తాళము చేతికిత్తుము. మావలె కచేరి దూరమే యైనచో, బేరము పోయినను సరే, ఈ వ్యాసమును చేతికిచ్చి పంపుదుము.